ఆ కారులో మనిషి ఏడీ?

అక్కలకు, చెల్లెళ్ళకు ఒక మాట.

ఈ పాఠం ఒక ఆట గురించి. పిల్లలు సెల్‌ఫోనులో, టీవీలో ఆడే ఆట. అందులో కార్లు పరిగెత్తుతాయి. ఒకదాన్ని ఒకటి గుద్దుకుంటాయి. ముక్కలైపోతాయి. పిల్లలు చూసి కేరింతలు కొడతారు.

పిల్లల ఆట మనకెందుకు అనుకోకండి. చదివితే ఎందుకో మీకే తెలుస్తుంది.

పాఠం పెద్దది. ఒక్కరోజులో అవ్వదు. రోజుకి ఒక భాగం చదవండి. ఒకరు పైకి చదవండి. మిగతావాళ్ళు వినండి. తర్వాత మాట్లాడుకోండి.

1. ఫోను లాక్కుని వచ్చిన అక్క

రాత్రి ఎనిమిది గంటలైంది. సెంటర్లో పదిమంది కూర్చుని చదువుకుంటున్నారు. ఒక అక్క ఆలస్యంగా వచ్చింది. చేతిలో నోటుపుస్తకం లేదు. సెల్‌ఫోను ఉంది. ముఖం కోపంగా ఉంది.

“ఏమైంది అక్కా?” అని అడిగాను.

“ఏం చెప్పమంటావు టీచరమ్మా! మావాడి ఫోను లాక్కుని వచ్చా” అంది.

ఆ అక్క కొడుక్కి 16 ఏళ్ళు. పది పాసయ్యాడు. ఇంటర్లో చేరాడు. బుద్ధిమంతుడు. ఎవరితో గొడవకి పోడు.

“అన్నానికి రారా అంటే రాడు. ఏం చూస్తున్నాడా అని వెనక నుంచి తొంగి చూశా. కారు పోయి లారీని గుద్దింది. తలుపులు ఊడిపోయాయి. అద్దాలు పగిలిపోయాయి. మావాడు పకపకా నవ్వుతున్నాడు. నాకు ఒళ్ళు జల్లుమంది. చావుని చూసి నవ్వే పిల్లాణ్ణి కన్నానా అని భయం వేసింది” అంది.

కాసేపు ఆగింది. మళ్ళీ అంది. “ఇంకో సంగతి. రేపట్నించి వాళ్ళ మామయ్య బండి నేర్చుకుంటాడట. తాళాలు ఇమ్మని రోజూ సతాయిస్తున్నాడు.”

అందరం ఫోను చుట్టూ చేరాం. ఆ ఆట తెరిచాం. ఒక చెల్లెలు ఆడి చూస్తానంది. వేలితో అటు నొక్కింది, ఇటు నొక్కింది. కారు గోడని గుద్దింది. “అమ్మో!” అని ఫోను వదిలేసింది. మళ్ళీ పట్టుకుంది. ఈసారి బస్సుని గుద్దింది. మూడోసారి కారు గాల్లోకి లేచి పల్టీలు కొట్టింది. చెల్లెలు పకపకా నవ్వింది. మేమూ నవ్వాం. కోపంగా వచ్చిన అక్క కూడా నవ్వింది.

నవ్వనిది ఒక్కరే. మూలన కూర్చున్న పెద్దమ్మ. ఆమె కొడుకు పన్నెండేళ్ళ కిందట రోడ్డు మీద పోయాడు. ఆ సంగతి మాకందరికీ తెలుసు. ఆమె ఫోను చేతిలోకి తీసుకుంది. కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూసింది.

“ఆ కారులో మనిషి ఏడీ?” అని అడిగింది.

ఎవరూ మాట్లాడలేదు. కారు నలిగింది. తలుపు ఊడింది. లోపల సీటు ఖాళీ. ఎవరూ లేరు.

ఆ రాత్రి నా దగ్గర జవాబు లేదు. తర్వాత చదివి తెలుసుకున్నాను. ఆ జవాబే ఈ పాఠం.

2. గుద్దుకుంటే నవ్వెందుకు వస్తుంది?

ముందు ఒక సంగతి ఒప్పుకుందాం. పగలగొట్టడం అంటే మనుషులకి సరదా. ఇది ఫోన్లతో వచ్చింది కాదు.

చిన్నపిల్లవాడు ఇసకతో గూడు కడతాడు. కట్టినంతసేపు ఓపిగ్గా కడతాడు. చివరికి కాలితో ఒక్క తన్ను తంతాడు. గట్టిగా నవ్వుతాడు. కృష్ణాష్టమికి ఉట్టి కొడతారు. కుండ పగిలితే ఊరంతా ఈలలు వేస్తుంది. దీపావళికి డబ్బులు పెట్టి కొని మరీ టపాకాయలు పేలుస్తాం. పెద్ద చప్పుడు, వెలుగు, ముక్కలు ఎగరడం. వీటిని చూస్తే ఒంట్లో ఒక ఊపు వస్తుంది.

ఎగ్జిబిషన్లో డాషింగ్ కార్లు చూసే ఉంటారు. చిన్న చిన్న కార్లు. చుట్టూ లావుపాటి రబ్బరు ఉంటుంది. టికెట్ కొని ఎక్కుతాం. పక్కవాడి కారుని ఢీ కొడతాం. వాడు తిరిగి మనల్ని కొడతాడు. ఇద్దరం నవ్వుతాం. ఎందుకు నవ్వుతాం? దెబ్బ తగలదని ఇద్దరికీ తెలుసు గనక. రబ్బరు తీసేసి చూడండి. ఒక్కరూ నవ్వరు.

అమెరికాలో నిజం కార్లతోనే ఇలాంటి పోటీ పెడతారు. పేరు డెమాలిషన్ డెర్బీ. 1950ల నుంచి అక్కడ ఊళ్ళ తిరునాళ్ళలో ఈ పోటీ పెడుతున్నారు. పాత డొక్కు కార్లు తెస్తారు. మైదానంలో ఒకదాన్ని ఒకటి గుద్దుకుంటాయి. ఆఖరికి ఏ కారు కదులుతూ ఉంటుందో అదే గెలిచినట్టు.

వినడానికి పిచ్చి ఆటలా ఉంటుంది. కానీ దాని నియమాలు వినండి. అద్దాలు ముందే తీసేయాలి. హెల్మెట్ పెట్టుకోవాలి. సీటు బెల్టు కట్టుకోవాలి. డ్రైవరు కూర్చున్న వైపు తలుపుని ఎవరూ గుద్దకూడదు. కావాలని గుద్దితే పోటీ నుంచి బయటికి పంపేస్తారు.

చూశారా? గుద్దుకోవడమే పనిగా పెట్టుకున్నవాళ్ళు కూడా ముందు మనిషిని కాపాడుకుంటున్నారు. ఇనుము నలగవచ్చు. మనిషి నలగకూడదు. అక్కడ సరదాకి హద్దు అది.

3. ఈ ఆటలు ఎలా పుట్టాయి?

వీడియో గేమ్ అంటే తెర మీద బొమ్మలతో ఆడే ఆట. మీట నొక్కితే బొమ్మ కదులుతుంది. మొదట్లో ఈ ఆటలు బీరువా అంత పెట్టెల్లో ఉండేవి. దుకాణాల్లో పెట్టేవారు. నాణెం వేస్తే ఆట మొదలయ్యేది. నాణెం వేసినవాడికి కాసేపట్లోనే సరదా చూపించాలి. లేకపోతే ఇంకో నాణెం వెయ్యడు. అందుకే ఆ ఆటల్లో అంతా గబగబా జరుగుతుంది.

1974లో అమెరికాలో అటారీ కంపెనీ కారు నడిపే ఆట తెచ్చింది. పేరు గ్రాన్ ట్రాక్ 10. దానికి నిజం కారులాగే స్టీరింగు, గేరు ఉండేవి. బాట దాటకుండా గబగబా తిరిగి రావాలి. అంతే ఆట.

1976లో ఎక్సిడీ అనే ఇంకో అమెరికా కంపెనీ డెత్ రేస్ అనే ఆట తెచ్చింది. డెత్ రేస్ అంటే చావు పందెం. అందులో చిన్న చిన్న బొమ్మలు తెర మీద పరిగెత్తుతాయి. కారుతో వాటిని గుద్దాలి. గుద్దితే కీచుమని అరుపు వినిపిస్తుంది. ఆ చోట సమాధి మీద పెట్టే శిలువ గుర్తు లేస్తుంది. అవి మనుషులు కావు, దెయ్యపు బొమ్మలు అని కంపెనీ చెప్పింది. చూసేవాళ్ళకి మాత్రం మనుషుల్లాగే ఉన్నాయి. పెద్ద గొడవ అయింది. రోడ్డు ప్రమాదాలు తగ్గించాలని పనిచేసే సంస్థ కూడా అక్కడ గట్టిగా తిట్టింది.

గుర్తుపెట్టుకోండి. ఆటలో మనిషి లాంటి బొమ్మ కనపడింది. జనానికి మనసు చివుక్కుమంది.

1995లో ఇంగ్లండు నుంచి డిస్ట్రక్షన్ డెర్బీ వచ్చింది. ఇది మనం చెప్పుకున్న డొక్కు కార్ల పోటీయే. తెర మీద ఆడాలి. ఎదుటి కారుని గుద్ది గిర్రున తిప్పితే పాయింట్లు వస్తాయి.

ఆ తర్వాత 2001లో బర్నౌట్ వచ్చింది. దీన్ని ఇంగ్లండులో గిల్‌ఫర్డ్ అనే ఊళ్ళో క్రైటీరియన్ గేమ్స్ అనే కంపెనీ తయారు చేసింది. గుద్దుకునే ఆటల్లో చాలా పేరు తెచ్చుకున్నది ఇదే. 2002లో రెండోది వచ్చింది. 2004లో మూడోది, 2005లో ఇంకోటి, 2008లో మరోటి వచ్చాయి.

బర్నౌట్ ఎలా ఆడతారో చెప్తాను. వినండి.

కారు వేగంగా పోవాలంటే దానికి అదనపు బలం కావాలి. ఆ బలం ఊరికే రాదు. ఎదురుగా బండ్లు వస్తున్న వైపు నడిపితే వస్తుంది. పక్క బండిని వెంట్రుకవాసిలో తప్పించుకుంటే వస్తుంది. అంటే ఎంత ప్రమాదంగా నడిపితే అంత బలం.

రెండో ఆటలో కొత్త పోటీ ఒకటి పెట్టారు. బండ్లు కిటకిటలాడే కూడలి ఉంటుంది. అందులోకి కారుని వేగంగా తోలాలి. వీలైనన్ని బండ్లు ఒకదానికొకటి గుద్దుకునేలా చెయ్యాలి. ఎంత నష్టం జరిగిందో తెర మీద డాలర్లలో లెక్క వేసి చూపిస్తారు. నష్టం ఎంత ఎక్కువైతే బహుమతి అంత పెద్దది. మన ఇంట్లో పది రూపాయల గ్లాసు పగిలితే చివాట్లు పడతాయి. ఆ ఆటలో లక్షల సొత్తు పగలగొడితే పతకం ఇస్తారు.

మూడో ఆటలో పోటీకి వచ్చిన కార్లని గోడకి నొక్కి పడగొట్టాలి. మన కారే పల్టీ కొట్టినా ఆట అయిపోదు. కాలం నెమ్మదిస్తుంది. అద్దం పెంకులు మెల్లగా గాల్లో ఎగురుతాయి. అప్పుడు కూడా పల్టీ కొడుతున్న మన కారుని పక్కకి తిప్పవచ్చు. ఎదుటివాడి మీదికి తోయవచ్చు. ఓడిపోయినవాడికి కూడా ఇంకో అవకాశం అన్నమాట.

2008లో వచ్చిన ఆట బర్నౌట్ పారడైజ్. అందులో ఊరు ఊరంతా కట్టారు. వీధులు, వంతెనలు, కొండదారులు అన్నీ ఉన్నాయి. కార్లు ఉన్నాయి. కానీ కార్లలో డ్రైవర్లు కనపడరు. రోడ్డు మీద నడిచే మనుషులు లేరు. అదే ఏడాది దానిలో మోటారు సైకిళ్ళు కూడా చేర్చారు. సైకిలు మీద మనిషిని పెట్టక తప్పలేదు. కానీ అది పడినప్పుడు మనిషి కిందపడి దెబ్బలు తినడం చూపించరు.

పెద్దమ్మ ప్రశ్నకి జవాబు ఇక్కడ దొరికింది. కారు నలగడం ఎంత బాగా చూపించాలో అంత బాగా చూపించారు. మనిషిని మాత్రం ముందే దించేశారు. మనిషి ఉంటే అది చావు. మనిషి లేకపోతే అది టపాకాయ.

4. పిల్లల్ని కట్టేసే అయిదు ముడులు

ఆ అక్క కొడుకు చావుని చూసి నవ్వలేదు. ఇప్పుడు మనకి తెలిసింది. మరి దేన్ని చూసి నవ్వాడు? ఎందుకు వదలలేకపోతున్నాడు? అయిదు కారణాలు చెప్తాను. వాటిని అయిదు ముడులు అనుకోండి.

మొదటి ముడి: భయం ఉంది, దెబ్బ లేదు. లారీ ఎదురొస్తే పిల్లవాడి గుండె నిజంగానే దడదడా కొట్టుకుంటుంది. భయం వేసినప్పుడు మన ఒంట్లో అడ్రినలిన్ అనే రసం ఊరుతుంది. ఒళ్ళు చురుగ్గా అవుతుంది. తప్పించుకున్నాక హాయిగా ఉంటుంది. రంగులరాట్నం దిగినప్పుడు ఉండే హాయి అలాంటిదే.

రెండో ముడి: వెంటనే మళ్ళీ మొదలు. కారు ముక్కలైన కొద్ది సెకన్లకే కొత్త కారు వస్తుంది. తప్పు చేసి బాధపడే టైము కూడా ఇవ్వదు. ఈసారి గెలుస్తా అనిపిస్తుంది. ఇంకొక్కసారి, ఇంకొక్కసారి అంటూ గంట గడిచిపోతుంది.

మూడో ముడి: తప్పుకే బహుమతి. బడిలో తప్పు చేస్తే మార్కులు పోతాయి. ఇంట్లో తప్పు చేస్తే తిట్లు పడతాయి. ఈ ఆటలో తప్పుదారిలో పోతే బలం వస్తుంది. గుద్దితే పాయింట్లు వస్తాయి. పదిమంది చేతా మాటలు పడే వయసు పిల్లవాడికి ఇది ఎంత తీపిగా ఉంటుందో ఆలోచించండి.

నాలుగో ముడి: చేతిలో పట్టు. ఇంట్లో సైకిలే ఉన్న పిల్లవాడు తెర మీద కోట్ల ఖరీదు కారు తోలతాడు. ఆడగా ఆడగా నేర్పు వస్తుంది. నిన్న గుద్దిన మలుపుని ఇవాళ తప్పించుకుంటాడు. నాకూ ఒకటి చేతనవును అనుకుంటాడు. ఇది చెడ్డది కాదు. మనం కూడా మొదటిసారి మన పేరు మనం రాసుకున్నప్పుడు అలాగే అనుకున్నాం.

అయిదో ముడి: చప్పుడు, వెలుగు. ఇది ముందే చెప్పుకున్నాం. ఉట్టి, టపాకాయ, ఇసక గూడు.

ఈ అయిదూ కలిస్తే గట్టి తాడు అవుతుంది. “నీకు బుద్ధి లేదురా” అని తిడితే ఆ తాడు తెగదు. ముడి ఎక్కడుందో తెలిస్తే మెల్లగా విప్పవచ్చు.

5. ఆట వేరు, రోడ్డు వేరు

ఆటలో గోడని గుద్దిన కారు మళ్ళీ కొత్తదై వస్తుంది. రోడ్డు మీద విరిగిన కాలు నెలల తరబడి మంచం పట్టిస్తుంది.

ఆటలో లోపల ఎవరూ లేరు. రోడ్డు మీద ఎదురొచ్చే ఆటోలో కూలికి పోయే అక్కలు ఉంటారు. బడి పిల్లలు ఉంటారు.

ఆటలో నష్టానికి పతకం వస్తుంది. రోడ్డు మీద నష్టానికి అప్పు మిగులుతుంది.

ఇప్పుడు కొంచెం లెక్క చూద్దాం. భయపడకండి. చిన్న లెక్కే.

బండి గంటకి 60 కిలోమీటర్ల వేగంతో పోతోంది. అంటే ఒక్క సెకనుకి సుమారు 17 మీటర్లు పోతుంది. మన చీర పొడవు అయిదున్నర మీటర్లు. మూడు చీరలు వరసగా పరిస్తే దాదాపు అంత దూరం. గేదె అడ్డం వచ్చిందని కన్ను చూసి, చెయ్యి బ్రేకు నొక్కేలోపు ఒక సెకను పోయిందనుకోండి. బ్రేకు పడకముందే బండి మూడు చీరల దూరం పోయింది.

బ్రేకు పడ్డాక కూడా బండి వెంటనే ఆగదు. ఇక్కడే చాలామంది పొరపడతారు. వేగం రెండింతలైతే ఆగే దూరం కూడా రెండింతలు అనుకుంటారు. కాదు. నాలుగింతలు అవుతుంది. 30 వేగంలో బ్రేకు వేశాక 6 మీటర్లలో ఆగే బండి, 60 వేగంలో ఆగాలంటే 24 మీటర్లు కావాలి. ఈ లెక్క ఆటలో పట్టదు. రోడ్డు మీద మాత్రం ఎవరికీ మాఫీ లేదు.

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. ఇది కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన లెక్క. రోజుకి సుమారు 460 మంది. చనిపోయినవాళ్ళలో నూటికి 40 మందికి పైగా రెండు చక్రాల బండ్ల మీద పోయేవాళ్ళు. నూటికి 70 చావులకి పైగా అతివేగమే కారణమని అదే లెక్క చెప్తోంది.

మరి ఆట ఆడితే పిల్లలు రోడ్డు మీద కూడా అలాగే నడుపుతారా? ఈ సంగతి తేల్చాలని జర్మనీలో పరిశోధకులు కొన్ని పరీక్షలు చేశారు. వాటి ఫలితాలు 2007లో అచ్చయ్యాయి. ఒక పరీక్షలో కొంతమంది చేత రేసు ఆటలు ఆడించారు. కొంతమంది చేత వేరే ఆటలు ఆడించారు. తర్వాత అందరికీ రోడ్డు వీడియోలు చూపించారు. ముందు బండిని దాటిపోవడం లాంటివి అందులో ఉంటాయి. ఇక దాటకూడదు, వెనక్కి తగ్గాలి అనిపించినప్పుడు మీట నొక్కమన్నారు. రేసు ఆట ఆడినవాళ్ళు ఆలస్యంగా నొక్కారు. అంటే ప్రమాదం దగ్గరికి ఇంకా ముందుకి పోయారు.

దీన్నిబట్టి ఆడినవాడల్లా గుద్దుతాడని కాదు. కోట్లమంది ఆడతారు. ఆడి మామూలుగానే బతుకుతారు. కానీ ఆట వేడి కాసేపు మనసులో ఉంటుంది. ఆ వేడిలో బండి తాళాలు చేతికి ఇవ్వకూడదు. ఈ పరీక్ష నుంచి మనం నేర్చుకోవలసింది ఇది.

6. తల్లీ కొడుకూ

మర్నాడు ఆ అక్క ఫోను తీసుకుపోయి కొడుక్కి ఇచ్చింది. తిట్టలేదు. పక్కన కూర్చుంది.

“ఏదీ, ఎలా ఆడతావో చూపించు” అంది.

పిల్లవాడు నమ్మలేకపోయాడు. తర్వాత హుషారుగా చూపించాడు. ఇది బ్రేకు, ఇది బూస్టు, ఇక్కడ గుద్దితే ఎక్కువ పాయింట్లు అని చెప్పాడు. అక్క అంతా విన్నది. అప్పుడు అడిగింది.

“ఒరే, ఆ కారులో మనిషి ఏడీ?”

“ఏ మనిషమ్మా?”

“తోలేవాడు.”

పిల్లవాడు తెర వైపు చూశాడు. రెండేళ్ళ నుంచి ఆడుతున్నాడు. ఎప్పుడూ ఆ వైపు చూడలేదు. కాసేపటికి అన్నాడు.

“పెట్టలేదమ్మా. పెడితే ఆడబుద్ధి కాదు.”

“మామయ్య బండి మీద ఉంటాడు గదరా” అంది అక్క.

ఆ మాటకి వాడు బదులు చెప్పలేదు. రాత్రి అన్నం తినేటప్పుడు మాత్రం ఒక మాట అడిగాడు. “అమ్మా, మీ సెంటర్లో ఆ పెద్దమ్మ కొడుకు ఎలా పోయాడు?” అక్క తనకి తెలిసినదంతా చెప్పింది. హెల్మెట్ లేకుండా బండి మీద పోయిన సంగతి కూడా చెప్పింది.

పిల్లవాడు ఆట మానేశాడా? మానలేదు. ఇప్పుడూ ఆడతాడు. అన్నం తిన్నాక అరగంట ఆడమని అక్క చెప్పింది. అరగంట కొన్నిసార్లు ముప్పావుగంట అవుతుంది. బండి తాళాలు మాత్రం మామయ్య దగ్గరే ఉన్నాయి. 18 ఏళ్ళు నిండి, లైసెన్సు వచ్చాకే అని ముగ్గురూ ఒప్పుకున్నారు.

మామయ్య మొదట ఒప్పుకోలేదు. “పల్లెటూళ్ళో ఎవరు అడుగుతారు అక్కా? నేను పదమూడో ఏటనే నడిపాను” అన్నాడు. అక్క చట్టం సంగతి చదివి వినిపించింది. సెంటర్లో తనే రాసుకున్న కాగితం అది. అందులో ఇలా ఉంది:

పెట్రోలుతో నడిచే మామూలు మోటారు సైకిలు గానీ, స్కూటరు గానీ నడపాలంటే 18 ఏళ్ళు నిండాలి. లైసెన్సు ఉండాలి.

2019లో మోటారు వాహనాల చట్టాన్ని మార్చారు. ఆ మార్పు ప్రకారం 18 ఏళ్ళు నిండని పిల్లలు బండి నడిపి నేరం చేస్తే, తల్లిదండ్రులదీ బండి యజమానిదీ తప్పు. 25,000 రూపాయల జరిమానా పడుతుంది. మూడేళ్ళ వరకు జైలు కూడా పడవచ్చు. తమకి తెలియకుండా జరిగిందని వాళ్ళు రుజువు చేసుకోవాలి.

ఆ బండి రిజిస్ట్రేషన్ ఏడాదిపాటు రద్దవుతుంది. ఆ పిల్లవాడికి 25 ఏళ్ళు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు.

మామయ్య కాగితం తీసుకుని తనూ ఒకసారి చదివాడు. తాళాలు జేబులో వేసుకున్నాడు. “నువ్వు ఇంత బాగా రాస్తావని నాకు తెలీదక్కా” అన్నాడు.

గుర్తుంచుకోవలసిన మాటలు

ఫోను లాక్కోవడం కంటే పక్కన కూర్చుని చూడటం మేలు. ఏం ఆడుతున్నాడో తెలిస్తేనే ఏం అడగాలో తెలుస్తుంది.

ఆట ఆపిన వెంటనే పిల్లలకి బండి ఇవ్వకూడదు.

బండి ఎక్కితే ఇద్దరికీ హెల్మెట్ ఉండాలి. వెనక కూర్చునేది మనమే. మన తల కూడా తలే.

రోడ్డు మీద ఎవరైనా పడి ఉంటే 108కి ఫోను చెయ్యాలి. మన రాష్ట్రంలో ఈ అంబులెన్సు సేవ 2005 ఆగస్టు 15న మొదలైంది. సాయం చేసినవాళ్ళని కేసులో ఇరికించకూడదని చట్టంలో ఉంది. భయపడి తప్పుకోకండి.

చెప్పండి

1. డాషింగ్ కార్లు గుద్దుకుంటే మనం ఎందుకు నవ్వుతాం?
2. డెమాలిషన్ డెర్బీలో ఏ వైపు తలుపుని గుద్దకూడదు? ఎందుకు?
3. 1976లో వచ్చిన ఆట మీద గొడవ ఎందుకు జరిగింది?
4. అయిదు ముడుల్లో మీ ఇంటి పిల్లల్ని ఏ ముడి గట్టిగా పట్టుకుంది?
5. ఆ అక్క ఫోను తిరిగి ఇవ్వడం మంచిదేనా? మీరైతే ఏం చేస్తారు?

లెక్క చెయ్యండి

1. బండి సెకనుకి 17 మీటర్లు పోతోంది. 3 సెకన్లలో ఎంత దూరం పోతుంది?
2. ఒక పిల్లవాడు రోజుకి 2 గంటలు ఆట ఆడాడు. 30 రోజుల్లో మొత్తం ఎన్ని గంటలు ఆడాడు?
3. 30 వేగంలో బ్రేకు వేశాక 6 మీటర్లలో ఆగిన బండి, 60 వేగంలో 24 మీటర్లలో ఆగింది. ఎన్ని మీటర్లు ఎక్కువ పట్టింది?

కొత్త మాటలు

కూడలి: నాలుగు దారులు కలిసే చోటు
నియమం: అందరూ పాటించవలసిన పద్ధతి
జరిమానా: తప్పుకి కట్టే డబ్బు
రద్దు: చెల్లకుండా చెయ్యడం
యజమాని: సొంతదారు

రాయండి

కింది వాక్యాన్ని మీ చేతిరాతతో పెద్ద అక్షరాల్లో రాయండి. బండి తాళాలు తగిలించే మేకు పక్కన గోడకి అంటించండి. ఇంట్లో అందరి చేతా చదివించండి.

ఈ బండి మీద మనిషి ఉన్నాడు.